చివరి అంకెను నమ్మవచ్చా?

పిల్లలూ! కిందటి నెలలో మా బడి ప్రయోగశాలలో తొమ్మిదో తరగతి వాళ్ళచేత ఒక గులకరాయి సాంద్రత కట్టించాను. రాయిని త్రాసులో తూస్తే 75 గ్రాములు తూగింది. కొలజాడీలో నీళ్ళు పోసి, రాయిని దారంతో కట్టి దించితే నీటిమట్టం 28 ఘనసెంటీమీటర్లు పెరిగింది. ఇక మిగిలింది 75ను 28తో భాగించడమే.

ఒక కుర్రవాడు కాలిక్యులేటరు నొక్కి, 2.678571429 అని రాసుకుని వచ్చాడు. వాడి వెనకాలే వచ్చిన అమ్మాయి నోటుబుక్కులో 2.7 అని ఉంది. "ఈ రెంటిలో ఏది మంచి జవాబు?" అని తరగతినంతా అడిగాను. దాదాపు అందరూ కుర్రవాడి జవాబుకే చేతులెత్తారు.

"ఎందుకురా?" అన్నాను.

"అందులో అంకెలు ఎక్కువున్నాయి మాస్టారూ! పైగా అది మెషీను చెప్పింది" అన్నారు.

సరే, ఆ అంకెల సంగతి చూద్దాం. మా కొలజాడీ మీద ఒక్కొక్క ఘనసెంటీమీటరుకు ఒక్కొక్క గీత ఉంది. రెండు గీతల మధ్య నీళ్ళుంటే దగ్గరి గీతనే మనం చదువుతాం. కాబట్టి 28 అంటే అసలు 27.5 కావచ్చు, 28.5 కూడా కావచ్చు. 75ను 27.5తో భాగిస్తే 2.73 వస్తుంది. 28.5తో భాగిస్తే 2.63 వస్తుంది. దశాంశ బిందువు తరవాత రెండో అంకె దగ్గరే మనకు నిలకడ లేదు. మరి తొమ్మిదో అంకె ఎక్కడినుంచి వచ్చింది? రాయినుంచి రాలేదు, నీళ్ళనుంచి రాలేదు. భాగహారంలోంచి వచ్చింది, అంతే. 2.7 అని రాసిన అమ్మాయి తనకు తెలిసినంతే చెప్పింది. ఆ కుర్రవాడు తనకు తెలియనిది కూడా తెలిసినట్టు రాశాడు.

ముప్పై ఏళ్ళుగా సైన్సు చెబుతున్న నాకు ఈమధ్య ఒక భయం పట్టుకుంది. లెక్క తప్పు చేసే పిల్లలను చూస్తే నాకు భయం లేదు, దిద్దవచ్చు. యంత్రం మీద కనిపించిన ప్రతి అంకెనూ కళ్ళకద్దుకునే పిల్లలను చూస్తేనే భయం. మనం కొలిచిన కొలతల్లోనే కాదు, యంత్రం లోపల జరిగే లెక్కలో కూడా చివరి అంకెలు నమ్మదగినవి కావని ఎంతమందికి తెలుసు?

ఆగని ప్రోగ్రాము

ఆ మరుసటి వారమే మా కంప్యూటరు గదిలో ఇంకో చిత్రం జరిగింది. ఒక అమ్మాయి పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము రాసింది. సున్నతో మొదలుపెట్టి 0.1 చొప్పున కలుపుకుంటూ పోవాలి. మొత్తం 1కి సమానం కాగానే ఆగాలి. పది మెట్లు ఎక్కి ఆగిపోవలసిన ప్రోగ్రాము అది. కాని అది ఆగలేదు! 1 దాటి, 2 దాటి, తెర మీద అంకెలు వరదలా పారుతూనే ఉన్నాయి.

ఆపి, పైకి వెళ్ళి చూశాం. మొదట 0.1, తరవాత 0.2. బాగానే ఉంది. మూడో వరసలో 0.30000000000000004 అని ఉంది! పదో వరసలో 1 ఉండాలి కదా. అక్కడ 0.9999999999999999 ఉంది. పదకొండో వరసలో 1.0999999999999999. అంటే మొత్తం ఎప్పుడూ సరిగ్గా 1 కానేలేదు. 1 అయినప్పుడు ఆగమన్నారు గనుక యంత్రం ఆగలేదు.

"మాస్టారూ, కంప్యూటరుకు కూడికలు రావా?" అని అడిగిందా అమ్మాయి.

చాలా మంచి ప్రశ్న. కూడికలు వచ్చును. రానిది 0.1 అనే సంఖ్యను రాసుకోవడం!

పావలా, బేడ, అణా

అదెలాగో అర్థం కావాలంటే మీ తాతగార్ల కాలానికి వెళ్ళాలి. పూర్వం రూపాయికి పదహారు అణాలు. రూపాయిలో సగం అర్ధరూపాయి. అందులో సగం పావలా. అందులో సగం బేడ, అంటే రెండణాలు. అందులో సగం అణా. అణాలో సగం అర్ధణా, అందులో సగం కానీ. ఇలా సగం చేసుకుంటూ పోతే కానీ అంటే రూపాయిలో 64వ వంతు.

ఇప్పుడు ఈ నాణేలతోనే రూపాయిలో పదోవంతు ఇవ్వండి చూద్దాం. 64ను 10తో భాగిస్తే 6.4. ఆరు కానీలు ఇస్తే తక్కువ, ఏడు ఇస్తే ఎక్కువ. సరే, కానీని కూడా సగం చేద్దాం, దాన్నీ సగం చేద్దాం అన్నారనుకోండి. ఎన్నిసార్లు సగం చేసినా పదోవంతు సరిగ్గా రాదు. ఎందుకంటే 10లో 5 అనే కారణాంకం ఉంది. సగాలు చేయడంలో 2 తప్ప వేరే కారణాంకం రాదు.

ఇది 1957 ఏప్రిల్ 1న నిజంగానే జనానికి అనుభవంలోకి వచ్చింది. ఆ రోజు నుంచి రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. అణా అంటే ఆరుంబావు నయాపైసలు కావాలి. పావు పైసా నాణెం లేదు కనుక అణాకు 6 నయాపైసలే అన్నారు. రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. విడివిడిగా నాలుగు అణాలు మారిస్తే 24 పైసలు, పావలాగా మారిస్తే 25! ఒక పైసా ఎవరూ దొంగిలించలేదు. ఒక కొలమానం నుంచి ఇంకో కొలమానానికి మారేటప్పుడు అది జారిపోయింది.

కంప్యూటరుది కూడా సరిగ్గా ఈ అవస్థే. మనం పది అంకెలతో లెక్క రాస్తే, అది 0, 1 అనే రెండు అంకెలతోనే రాస్తుంది. దశాంశ బిందువు తరవాత మనకు పదోవంతు, వందోవంతు, వెయ్యోవంతు ఉంటాయి. దానికి సగం, పావు, అరపావు, వీసం ఉంటాయి. మన పద్ధతిలో 1/3 ఎలా 0.3333... అని అంతులేకుండా పోతుందో, దాని పద్ధతిలో 1/10 అలా అంతులేకుండా పోతుంది.

కావాలంటే పెన్సిలు తీసుకోండి. 0.1ను 2తో గుణించండి. వచ్చినదానిలో పూర్ణాంకాన్ని పక్కన రాసుకుని, మిగిలిన భాగాన్ని మళ్ళీ 2తో గుణించండి. 0.2, 0.4, 0.8, 1.6 వస్తాయి. పక్కన 0, 0, 0, 1 రాశారు. 1.6లో 1 పోగా 0.6 మిగిలింది. దానికి రెట్టింపు 1.2. పక్కన 1 రాయండి. మిగిలిన 0.2కు రెట్టింపు 0.4. అరే, ఇది ఇందాక వచ్చిందే! ఇక్కడినుంచి అదే చక్రం తిరుగుతుంది. జవాబు 0.000110011001100110011... ఎన్నటికీ అంతం కాదు.

యంత్రం దగ్గర అంతులేని కాగితం లేదు. నేటి కంప్యూటర్లలో మామూలుగా ఒక సంఖ్యకు 53 ద్విసంఖ్యాంకాల చోటు ఇస్తారు. మన లెక్కలో అది ఇంచుమించు 15 లేక 16 దశాంశ అంకెలకు సమానం. ఆ చోటులో పట్టినంత రాసుకుని మిగతాది సవరించేస్తుంది. అందుకని మీరు 0.1 అని నొక్కితే దానిలోపల నిలిచేది 0.1000000000000000055511... అనే సంఖ్య.

న్యాయం చెప్పాలంటే ఇది చాలా చాలా చిన్న తేడా. భూమికి సూర్యుడికి మధ్య దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఇంత కచ్చితంగా రాస్తే వచ్చే తేడా మీ తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఒకప్పుడు ఒక్కొక్క కంపెనీ కంప్యూటరు ఒక్కొక్క రకంగా సవరించేది. ఒకే లెక్కకు రెండు యంత్రాలు రెండు జవాబులిచ్చేవి. విలియం కహాన్ అనే గణితవేత్త ప్రధానపాత్ర వహించగా 1985లో అందరికీ ఒకే ప్రమాణం ఏర్పడింది. ఆ కృషికే ఆయనకు 1989లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. కాబట్టి నేను యంత్రాన్ని నిందించడం లేదు.

అయితే ఇంత చిన్న తేడాకు ఇంత గొడవ ఎందుకంటారా? చినుకు చిన్నదే. చెరువు నిండేది చినుకులతోనే.

సెకనులో మూడోవంతు

1991లో గల్ఫ్ యుద్ధం జరిగింది. సౌదీ అరేబియాలోని ధహ్రాన్ దగ్గర అమెరికా సైన్యం పేట్రియాట్ అనే రక్షణ క్షిపణులను నిలిపింది. ఎదుటివారి క్షిపణి వస్తుంటే రాడారుతో పసిగట్టి, అది మరుక్షణం ఎక్కడ ఉంటుందో కంప్యూటరు లెక్కగట్టి, దాన్ని గాలిలోనే కొట్టాలి.

ఆ కంప్యూటరులోని గడియారం కాలాన్ని సెకనులో పదోవంతులుగా లెక్కపెట్టేది. దాన్ని సెకన్లలోకి మార్చడానికి 0.1తో గుణించేది. మళ్ళీ మన 0.1! ఆ యంత్రంలో సంఖ్యకున్న చోటు 24 ద్విసంఖ్యాంకాలే. అందులో పట్టని భాగాన్ని కత్తిరించేశారు. ఒక్కొక్క పదోవంతుకు పోయినది సుమారు 0.000000095 సెకను.

ఆ యంత్రాన్ని ఆపకుండా 100 గంటలు నడిపారు. 100 గంటలంటే 3,60,000 సెకన్లు. పదోవంతులు 36,00,000. దీన్ని పై తేడాతో గుణించండి. 0.34 సెకను వస్తుంది. సెకనులో మూడోవంతే కదా అనిపిస్తుంది. కాని వచ్చే స్కడ్ క్షిపణి సెకనుకు సుమారు 1,676 మీటర్ల వేగంతో వస్తుంది. మూడోవంతు సెకనులో అర కిలోమీటరు పైగా దాటిపోతుంది. కంప్యూటరు వెతికినచోట క్షిపణి లేదు. 1991 ఫిబ్రవరి 25న అది వచ్చి సైనికుల బస మీద పడింది. 28 మంది చనిపోయారు. సరిదిద్దిన ప్రోగ్రాము ఆ మర్నాడు అక్కడికి చేరింది. మధ్యలో ఒక్కసారి యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టినా ఆ తేడా సున్నకు వచ్చి ఉండేది.

కెనడాలోని వాంకూవర్ నగరపు స్టాక్ ఎక్స్ఛేంజిలో 1982 జనవరిలో ధరల సూచీని 1000తో మొదలుపెట్టారు. ప్రతి లావాదేవీకీ సూచీని మళ్ళీ కట్టి, మూడు దశాంశాల తరవాత ఉన్నదాన్ని సవరించకుండా కత్తిరించేవారు. కత్తిరించడానికీ సవరించడానికీ తేడా ఉంది సుమా! సవరిస్తే ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. కత్తిరిస్తే ఎప్పుడూ తగ్గుడే. సగటున ఒక్కసారికి 0.0005 చొప్పున, రోజుకు దాదాపు మూడువేలసార్లు తగ్గింది. 1983 నవంబరు నాటికి సూచీ 524.811కు దిగజారింది. లెక్క సరిచూస్తే ఉండవలసినది 1098.892! ఇరవైరెండు నెలలపాటు సగానికి సగం తప్పుగా ఉన్న అంకెను మూడు దశాంశాల వరకు చూపించారన్నమాట. ఆ మూడు దశాంశాలను చూసి అదెంతో కచ్చితమనుకున్నవారు ఎంతమందో!

మా బడిలో జరిగినది

దూరదేశాల సంగతి అక్కడ ఉంచి, మా బడి సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా పదో తరగతి అమ్మాయికి ఉపకారవేతనం మంజూరైంది. డబ్బు మాత్రం రాలేదు. ఆమె తల్లి కూలికి పోయే మనిషి. నాలుగుసార్లు పని మానుకుని కార్యాలయాల చుట్టూ తిరిగింది. చివరకు నేను వెంట వెళ్ళి జాబితా చూపించమన్నాను. ఆ అమ్మాయి బ్యాంకు ఖాతా సంఖ్యలో 17 అంకెలున్నాయి. జాబితాలో కూడా 17 ఉన్నాయి. కాని చివరి రెండూ సున్నలు! అసలు సంఖ్యలో చివర సున్నలు లేవు.

జాబితాను స్ప్రెడ్‌షీటులో ఎక్కించారు. ఖాతా సంఖ్యను అది మామూలు సంఖ్య అనుకుంది. దాని శక్తి 15 అంకెల వరకే. మిగతా రెండుచోట్ల సున్నలు పెట్టి ఊరుకుంది. ఆ గడిని ముందుగా 'అక్షరాలు' అని నిర్ణయించి ఉంటే సరిపోయేది. ఖాతా సంఖ్యతో కూడికలు, తీసివేతలు చేయంగదా! అది పేరులాంటిది. టైపు చేసిన గుమాస్తా తప్పు కొట్టలేదు. ఆయన కొట్టిన అంకెలను యంత్రం మార్చేస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ డబ్బు ఏడు నెలల తరవాత వచ్చింది. అప్పటికి పరీక్ష ఫీజు అప్పుచేసి కట్టారు.

అందుకే దీన్ని ఇంజనీర్లకు మాత్రమే కావలసిన సంగతి అని నేననుకోను. మీలో కొందరు రేపు గుమాస్తాలవుతారు, కొందరు నర్సులవుతారు, కొందరు ప్రోగ్రాములు రాస్తారు. అందరి ముందూ యంత్రం ఉంటుంది.

మరి ఏం చేయాలి?

నేనిలా అంటే మా తోటి ఉపాధ్యాయులలో కొందరు నవ్వుతారు. "ఇంకాస్త ఎక్కువ అంకెలు పెట్టుకునే సాఫ్ట్‌వేరు వాడితే సరిపోలేదూ?" అంటారు. అటువంటి సాఫ్ట్‌వేరు ఉన్నమాట నిజమే. 1/10ని 1/10గానే, భిన్నంగానే ఉంచుకుని లెక్కచేసేవి ఉన్నాయి. మనలాగా పది అంకెల పద్ధతిలోనే లెక్కచేసేవీ ఉన్నాయి. డబ్బు లెక్కలకు రూపాయల దశాంశాలు మానేసి, అన్నీ పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా ఉంచడం మంచి అలవాటు. కాని ఎన్ని అంకెలిచ్చినా ఎక్కడో ఒకచోట కాగితం అయిపోతుంది. √2ను, π ని ఏ పద్ధతిలోనూ అంకెలలో పూర్తిగా రాయలేం.

పైగా కొన్ని లెక్కలు చిన్న తేడాను పెద్దది చేస్తాయి. స్ప్రెడ్‌షీటు ఉంటే ఇది చేసి చూడండి. మొదటి గడిలో 0.1 రాయండి. దాని కిందిగడిలో, పైగడిని 10తో గుణించి 0.9 తీసివేయమనండి. 0.1ని 10తో గుణిస్తే 1. అందులో 0.9 తీస్తే మళ్ళీ 0.1. కాగితం మీద వందసార్లు చేసినా 0.1 తప్ప మరొకటి రాదు. ఇప్పుడు అదే సూత్రాన్ని ఇరవై గడులు కిందికి లాగండి. మొదట అంతా 0.1గానే కనిపిస్తుంది. తరవాత అంకె కదలడం మొదలవుతుంది. పదిహేడో లెక్కకు రుణసంఖ్య అయిపోతుంది. ఇరవయ్యో లెక్కకు మైనస్ 246 దాటిపోతుంది! కంటికి కనబడని తేడా ఒక్కొక్క మెట్టుకు పదిరెట్లయింది. ఇంకో పది అంకెలు ఎక్కువ పట్టే యంత్రం తెస్తే ఇంకో పది మెట్లు తరవాత ఇదే జరుగుతుంది. దీనికి మందు అంకెల్లో లేదు, మన అనుమానంలో ఉంది.

మరి ఆ అనుమానం మా తరగతుల్లో నేర్పుతున్నామా? వృత్త వైశాల్యం కట్టేటప్పుడు π విలువ 22/7 తీసుకోమంటాం. వ్యాసార్ధం 10 అయితే పిల్లవాడు 314.2857143 అని రాస్తాడు. మేము పూర్తి మార్కులు వేస్తాం. అసలు వైశాల్యం 314.159... అంటే దశాంశ బిందువు తరవాత వాడు రాసిన అంకెలు మొదటినుంచే నిజం కావు. 22/7లోనే ఆ పస లేదు. 314 అని ఆగిన పిల్లవాడికి "దశాంశాలేవిరా?" అని ఒక మార్కు తగ్గించిన పాపం నేనూ చేశాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

క్రీస్తుశకం 499లో ఆర్యభటుడు, 20,000 వ్యాసం గల వృత్తానికి పరిధి 62,832 అని చెప్పాడు. అంటే π విలువ 3.1416. ఆ రోజుల్లో అంత దగ్గరి విలువ చెప్పడం గొప్పే. కాని నాకు ఇంకా గొప్పగా తోచేది ఆయన దాని పక్కన ఉంచిన మాట: ఆసన్నం. అంటే ఇది దగ్గరి విలువే, అసలు విలువ కాదని. తనకు ఎంతవరకు తెలుసో అంతవరకే చెప్పాడు. ఆ ఒక్క మాట మన నోటుబుక్కుల్లోకి రావాలని నా కోరిక.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. యంత్రం నొక్కకముందే జవాబు ఇంచుమించు ఎంత ఉంటుందో మనసులో అనుకోండి. 75ను 28తో భాగిస్తే మూడుకు కాస్త తక్కువ రావాలని ముందే తెలిస్తే, పొరపాటున 26.7 వచ్చినప్పుడు మీరే పట్టుకుంటారు. జవాబు వచ్చాక, మీ కొలతల్లో ఎన్ని అంకెలు నమ్మదగినవో చూసి అక్కడికి సవరించి ఆగండి. ప్రోగ్రాము రాసేటప్పుడు రెండు దశాంశ సంఖ్యలు సమానమా అని అడగకండి. వాటి మధ్య తేడా ఫలానా చిన్న సంఖ్యకంటే తక్కువా అని అడగండి. మా అమ్మాయి ప్రోగ్రాము అలా మార్చగానే పదో మెట్టు దగ్గర బుద్ధిగా ఆగింది.

ఇక ఉపాధ్యాయులకూ, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకూ నాదొక మనవి. ప్రయోగపరీక్షలో ఒక్క మార్కు, ఒకేఒక్క మార్కు, "నీ జవాబులో ఎన్ని అంకెలు నమ్మవచ్చు? ఎందుకు?" అనే ప్రశ్నకు కేటాయించండి. మార్కు ఉంటే పిల్లలు ఆలోచిస్తారు. మేమూ ఆలోచించక తప్పదు.

చివరగా మీకొక పని. ఇందాకటి స్ప్రెడ్‌షీటు లెక్కనే 0.1 బదులు 0.5తో మొదలుపెట్టండి. ప్రతిసారీ 10తో గుణించి, 0.9కి బదులు 4.5 తీసివేయండి. ఇరవైసార్లు కాదు, రెండువందలసార్లు చేసినా 0.5 కదలదు! మొదటి లెక్క చెదిరిపోయి ఇది ఎందుకు చెదరలేదు? పావలా, బేడలను గుర్తుచేసుకుని ఆలోచించండి. జవాబు మీ సైన్సు మాస్టారికో, లెక్కల మాస్టారికో చెప్పండి. ఆయన "ఎందుకు?" అని ఇంకోసారి అడిగితే విసుక్కోకండి.